బావదనుకున్న ఫోటో

ఫోటో క్లబ్బులో అతన్ని అందరూ కత్తెర అంటారు. ఎదురుగా అనేవాళ్ళు కొందరైతే చాటుగా అనేవాళ్ళు ఇంకొందరు. పొట్టపోసుకునే పని కూడా కోయడమే. ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషన్ అతనిది. అచ్చయి వచ్చిన కాగితాల దొంతరని నాలుగువైపులా తట్టి సమానం చేసి, బ్లేడు కిందికి నెట్టి, రెండు చేతులతో రెండు బొత్తాలు ఒకేసారి నొక్కాలి. ఒక్క చేత్తో నొక్కితే మిషన్ ససేమిరా కదలదు. రెండో చెయ్యి బ్లేడు కింద ఉండిపోకూడదని ఆ ఏర్పాటు. అన్నేళ్ళుగా ఆ మిషన్ ముందు నిలబడి పది వేళ్ళూ పదిలంగా ఇంటికి తెచ్చుకుంటున్నాడంటే ఎంత జాగ్రత్తపరుడో వేరే చెప్పాలా. పుస్తకం అంచు వెంట్రుకవాసి పక్కకి పోయినా అతని కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

అంతటి జాగ్రత్తపరుడు ఒకే ఒక్క ఫోటో విషయంలో తెలిసి తెలిసి తప్పుడు తీర్పు చెప్పాడు. అది తన బావ తీసిన ఫోటో అనుకున్నాడు. కాదు, అక్క తీసింది. అతని గురించి చెప్పుకోవాలంటే ఇంకా చాలా ఉన్నాయి, మంచివీ ఉన్నాయి. కానీ అతన్నే అడిగితే మాత్రం ఈ ఒక్కటే చెప్పి ఊరుకుంటాడు.

క్లబ్బంటే పెద్ద భవనం అనుకునేరు. టైర్ల షాపు మీద ఒక మేడగది. మెట్లు ఎంత ఇరుకంటే, ట్రైపాడ్ భుజాన వేసుకుని ఎక్కేవాడు దిగేవాడి కన్ను పొడవకుండా ఎక్కడమే ఒక విద్య. ఎండ ముదిరితే కిందినుంచి రబ్బరు వాసన పైకి కొడుతుంది. మడత కుర్చీల్లో సగం మనం చెప్పకుండానే మడతపడతాయి. గోడ పొడుగునా ఒక సన్నటి చెక్క, దాని మీద ఫోటోలు వరసగా ఆనించి పెట్టడానికి. చెక్కకి పైన దీపాలు. ఆ దీపాల కింద తన ఫోటో నిలబడితే చాలు, ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యని మనిషి కూడా ఆ పూట కాస్త నిటారుగా కూచుంటాడు.

నెలకో ఆదివారం సమావేశం. ఇంకో ఆదివారం తెల్లారకముందే పోగై, కెమెరాలు మెడలో వేసుకుని ఏటి గట్టుకో, పాత గోడౌన్ల వైపుకో బయల్దేరతారు. పదిమందీ కలిసి ఒకే కాకిని తీస్తారు. తర్వాతి సమావేశంలో నా కాకి మేలంటే నా కాకి మేలని గంటలకొద్దీ కొట్లాడుకుంటారు. ఆ కాకి గనక వింటే సిగ్గుపడి ఊరు వదిలి పోయేది. మందులషాపాయన పూలు తప్ప మరొకటి ముట్టడు. డ్రిల్లు మాస్టారి ఫోటోల్లో ఎవరో ఒకరు గాల్లో ఎగురుతూ ఉండాల్సిందే. పాలడిపో గుమాస్తా అందరికంటే ముందు లేస్తాడు కాబట్టి ఆయన తీసినవన్నీ పొగమంచులోనే ఉంటాయి.

ఏడాదికోసారి పెద్ద పోటీ. ఆరునెలల ముందే ఒక అంశం ఇస్తారు, దానికి తగ్గ ఫోటో తెచ్చుకోవాలి. సభ్యులే కాదు, వాళ్ళింట్లోవాళ్ళు కూడా పంపొచ్చు. పేరు ఫోటో వెనక పెన్సిల్‌తో రాయాలి, ముందువైపు ఏమీ ఉండకూడదు. న్యాయనిర్ణేత ఒక్కో ఫోటో గురించి అందరి ముందూ మాట్లాడతాడు. ఆ మాట్లాడేటప్పుడు ఫోటో ఎవరిదో వాళ్ళు కిక్కురుమనకూడదు. పొగిడినా, తిట్టినా, తమది కానట్టే కూచోవాలి. బహుమతి వచ్చినవాళ్ళ పేర్లే చదువుతారు. మిగతావాళ్ళు చివర్లో నెమ్మదిగా వచ్చి ఎవరి ఫోటో వాళ్ళు తీసుకుపోతారు. ఓడినవాడి పరువు పోకుండా పెట్టుకున్న రూల్ ఇది. క్లబ్బుకి ఈ రూలంటే మహా గర్వం.

గర్వమే గానీ, నిజానికి ఏది ఎవరిదో అందరికీ తెలుసు. పువ్వు కనిపిస్తే మందులషాపు, మంచు కనిపిస్తే పాలడిపో. కత్తెర బావ తీసినవైతే చీకట్లో కూడా గుర్తుపట్టొచ్చు. బావ బస్ డిపోలో మెకానిక్. రోజంతా బస్సుల కింద వెల్లకిలా పడుకుని పని చేసీ చేసీ ఆయన కన్ను నేలకి అలవాటుపడింది. ఏది తీసినా కిందినుంచే తీసేవాడు, కాస్త నలుపెక్కించి అచ్చు వేయించేవాడు.

అసలు కత్తెర చేతికి కెమెరా ఇచ్చిందే బావ. అక్కని పెళ్ళి చేసుకుని ఇంటికి వచ్చినప్పుడు ఆయన మెడలో కెమెరా ఉండేది. అప్పటికి కత్తెర ఇంకా బడికి పోతున్నాడు. బావామరుదులు ఇద్దరికీ క్షణం పడేది కాదు, క్షణం విడిచి ఉండలేకపోయేవాళ్ళు.

"నీ ఫోటోల్లో మనుషులకి చెప్పులే ఉంటాయి బావా. మొహాలు ఎప్పుడు పెట్టిస్తావు?" అనేవాడు కత్తెర.

"నీ ఫోటోలు నువ్వు కోసీ కోసీ తపాలా బిళ్ళంత మిగులుతాయి. దాని మీద మొహమెక్కడ పడుతుందిరా?" అనేవాడు బావ.

పదిమందిలో బావని ఎంత మాటన్నా చెల్లుతుంది. ఆ చనువు ఎవరూ ఇచ్చేది కాదు, చుట్టరికంతోపాటే వస్తుంది. అక్క దగ్గర అది కుదరదు. కత్తెర అమ్మానాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీలో వంతులవారీగా పనిచేసేవాళ్ళు, ఒకరు వచ్చేసరికి ఒకరు పోయేవాళ్ళు. వాడికి తల దువ్వింది, ఎక్కాలు రాకపోతే వీపు పగలగొట్టింది, జ్వరమొస్తే పక్కన కూచుంది అన్నీ అక్కే. ఇప్పటికీ అక్క "ఒరే" అని పిలిస్తే కత్తెర చేతిలో పని వదిలేసి లేస్తాడు. అక్కని ఎగతాళి చేయడం అనేది అతని ఊహలో కూడా లేదు.

కత్తెర న్యాయనిర్ణేత కుర్చీలో కూచోవడం మొదలుపెట్టాక క్లబ్బుకి కాస్త భయభక్తులు వచ్చాయి. అతని దగ్గర నల్ల అట్టతో మేస్త్రీ మూలమట్టంలా, 'ఎల్' ఆకారంలో కోసుకున్న రెండు ముక్కలు ఉండేవి. వాటిని ఫోటో మీద ఎదురెదురుగా పెట్టి, లోపలికి జరుపుతూ, "ఈ చెట్టు దండగ, ఈ ఆకాశం దండగ, ఇదిగో ఇక్కడికి కోస్తే బతుకుతుంది" అనేవాడు. నిజంగానే బతికేది. ఎవరికీ మొహమాటపడడు, ఎవరి దగ్గరా మెరమెచ్చు మాటలు ఆడడు అని పేరు తెచ్చుకున్నాడు. అతను బాగుందంటే ఆ ఫోటో తీసినవాడు వారంపాటు నేల మీద నడిచేవాడు కాదు.

ఒక ఏడాది మొదటి బహుమతి బావకి వచ్చింది. వానగుంటలో బస్సు చక్రం నీడ. మంచి ఫోటో, న్యాయంగానే ఇచ్చాడు. టీ గ్లాసులు అందుకునే దగ్గర, క్లబ్బులో పాత సభ్యుడైన లెక్కల మాస్టారు పక్కవాడితో, "బావగారి ఫోటోకి బావమరిది బహుమతి. బయటికి ఎందుకు పోతుందిలే" అన్నాడు. అన్నవాడు బిస్కెట్ టీలో ముంచుకుని ఆ మాట అక్కడే మర్చిపోయాడు. వెనక నిలబడి విన్న కత్తెర మాత్రం మర్చిపోలేదు. టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాడు. అన్నేళ్ళు కాపాడుకున్న పేరు కదా. వచ్చే ఏడు చూడండి నా సంగతి అని మనసులో గట్టిగా అనుకున్నాడు.

అదే ఏడు బావ చేతులు వణకడం మొదలైంది. ముందు స్పానర్ జారేది. తర్వాత నట్టు మీద పట్టు కుదిరేది కాదు. డిపోవాళ్ళు ఆయన్ని బస్సుల కిందినుంచి లేపి స్టోర్సులో కూచోబెట్టారు. బావమరిదితో మాత్రం తనకి ప్రమోషన్ వచ్చిందని చెప్పాడు. వాడి ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగేవాడు. తెలిస్తే జాలిపడతాడు, జాలిపడితే ఇక ఏ ఎగతాళీ చెయ్యడు, అది ఆయన భరించలేడు. కెమెరా మాత్రం గూట్లో ఊరికే పడి ఉంది.

అక్కకి బడి పక్కన చిన్న కుట్టుపని షాపు ఉంది. యూనిఫారాలు కుడుతుంది, పాత బట్టలు సరిచేస్తుంది. దుమ్ము పడుతోందని ఒకరోజు కెమెరాని షాపుకి తెచ్చుకుని తుడిచింది. బావ పక్కన కూచుని ఇది తిప్పితే ఏమవుతుంది, అది నొక్కితే ఏమవుతుంది అని చెప్పాడు. దాన్ని కుట్టుమిషన్ బల్ల మీద దారపు ఉండల పక్కనే పెట్టుకుంది. పెడల్ మీద కాలు ఆపినప్పుడల్లా అందులోంచి చూసేది. ఆమె కూచునే స్టూలు పొట్టిది. అక్కడినుంచి చూస్తే నిలబడ్డ మనుషులందరూ పైకే కనిపిస్తారు. బావ బస్సు కిందినుంచి చూసినట్టే అక్క మిషన్ వెనకనుంచి చూసింది.

మరుసటి ఏడు పోటీకి ఇచ్చిన అంశం ఎదురుచూపు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన పాత కోటు సరిచేయించుకోవడానికి వచ్చాడు. భుజాల కొలతకి చేతులు రెండూ పక్కలకి చాచమంది అక్క. ఇంతలో గుమ్మంలో ఎవరో పిలిస్తే వెళ్ళి మాట్లాడి వచ్చింది. వచ్చేసరికి పెద్దాయన చేతులు దించలేదు. దించమని ఎవరూ చెప్పలేదు కదా. కోటుకి ఒక చెయ్యి ఉంది, రెండోది విప్పేసి ఉంది. చాచిన చేతులతో అలాగే నిలబడి గుమ్మంలోంచి వానకేసి చూస్తున్నాడు. అక్క చప్పుడు చెయ్యకుండా స్టూలు మీద కూచుని బొత్తం నొక్కింది. తర్వాత ఆయనతో సంగతి చెప్పి, పోటీకి పంపుకోవచ్చా అని అడిగి ఒప్పించుకుంది కూడా.

బావ దాన్ని ఎప్పుడూ తనకి అచ్చు వేసే షాపులోనే, తనకి ఇష్టమైన మెరుపులేని కాగితం మీద వేయించి తెచ్చాడు. పోటీకి పంపుదాం అన్నాడు.

"వాడు నవ్వుతాడండీ," అంది అక్క.

"నీదని వాడికి తెలిస్తే కదా. పేరు వెనక ఉంటుంది. వాడు ఫోటోని చూస్తాడు, నిన్ను కాదు."

అక్క ఒప్పుకున్నది ఆ మాటకే. అక్క అని తెలిస్తే తమ్ముడు ఎలాగూ మెచ్చుకుంటాడు, ఆ మెచ్చుకోలు ఆమెకి అక్కర్లేదు. తెలియకుండా వాడి నోటినుంచి ఏమొస్తుందో అదే నిజం. "వాడు బాగుందంటే ఇంకా తీస్తాను. లేకపోతే మళ్ళీ గూట్లో పెట్టేస్తాను," అని మొగుడితో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ మాట మాత్రం మాటే.

పోటీ రోజు పొద్దున్నే కత్తెర ఒక్కడే వచ్చి ఫోటోలన్నీ చెక్క మీద వరసగా పెట్టాడు. వెనకవైపు చూడలేదు. ఎప్పుడూ చూడడు, అందులో మాత్రం అతను నిప్పు. పెట్టుకుంటూ పెట్టుకుంటూ చేతులు చాచిన పెద్దాయన దగ్గర ఆగిపోయాడు. మిగతావి ఇంకా చేతిలోనే ఉన్నాయి. అట్టలు తీసి అలవాటుగా ఫోటో మీద పెట్టాడు. ఎటునుంచి జరిపినా కోయడానికి ఏమీ దొరకలేదు. గుమ్మం కోస్తే వాన పోతుంది, నేల కోస్తే కాళ్ళ చుట్టూ చేరిన వాననీటి మడుగు పోతుంది, ఆయన ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. అన్నేళ్ళలో అట్టలు ఊరికే వెనక్కి తీసుకున్న ఫోటో అదొక్కటే. కిందినుంచి తీసింది, నలుపు ఎక్కువ, మెరుపులేని కాగితం. ఇంకెవరిది, బావది. బావ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ వెంటనే లెక్కల మాస్టారి మాట గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి గది నిండింది. అక్క కూడా వచ్చింది. ఎప్పుడూ రానిది ఎందుకు వచ్చిందా అని కత్తెర అనుకోలేదు. పెద్ద పోటీ కదా, బావ వెంట వచ్చిందిలే అనుకున్నాడు. కిటికీ పక్కన వెనక వరసలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూచుంది. ఆ పక్కన బావ, జేబుల్లో చేతులతో.

వరసగా చెప్పుకుంటూ వచ్చి కత్తెర ఆ ఫోటో ముందు నిలబడ్డాడు. లెక్కల మాస్టారు కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు.

"దీన్ని తీసినాయన తీస్తూ తీస్తూ కింద పడిపోయినట్టున్నారు," అన్నాడు కత్తెర. "పాపం, లేపి కూచోబెడదామని ఈ పెద్దాయన రెండు చేతులూ చాచాడు."

గది గొల్లుమంది. అందరూ బావకేసే చూశారు. నవ్వు దొరికాక ఆపడం ఎవరి తరం. "కోటుకి ఒక చెయ్యి లేదు, ఫోటోకి తలాతోకా లేదు. ఎదురుచూపని పేరు పెట్టారు. బహుశా ఇది ఎప్పుడు బాగవుతుందా అని ఎదురుచూడాలేమో మనం." ఇంకా నవ్వారు. అప్పుడు నల్ల అట్టలు తీశాడు. "సరే, ఎక్కడికి కోస్తే బతుకుతుందో చూద్దాం. ఇక్కడికా? ఊహూ. ఇక్కడికా?" అట్టలు రెండూ దగ్గరికి జరుపుతూ పోయాడు. ముందు గుమ్మం పోయింది, తర్వాత చేతులు పోయాయి, తర్వాత మొహం. చివరికి అట్టకి అట్ట తగిలి నలుపు తప్ప ఏమీ మిగల్లేదు. "ఇదీ దీనికి సరైన సైజు," అన్నాడు.

ఏ ఫోటోనీ అతను అలా చెయ్యలేదు. ఎంత చెత్త ఫోటోలోనైనా ఒక మూల బతికించేవాడు. బావ కాబట్టి చెల్లుతుందిలే అనుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయాక బావ రెండు తగిలిస్తాడు, తను రెండు తగిలిస్తాడు, చెల్లుకు చెల్లు. బావ నేలచూపులు చూస్తున్నాడు. రూల్ కదా, నోరు మెదపకూడదు. పక్కన అక్క అందరితోపాటు నవ్వుతోంది. నవ్వకపోతే తెలిసిపోతుంది మరి.

మొదటి బహుమతి పొగమంచులో వంతెనకి ఇచ్చాడు. లెక్కల మాస్టారు వచ్చి కత్తెర చెయ్యి పట్టుకుని ఊపి, "నువ్వు నువ్వేనయ్యా" అన్నాడు. అందరూ వెళ్ళిపోయేటప్పుడు బావ చెక్క దగ్గరికి వచ్చి ఆ ఫోటోని తీసి చంకలో పెట్టుకున్నాడు. అది చూశాక కత్తెరకి ఏ మూలా అనుమానం మిగల్లేదు.

సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాడు. బావ పక్కగదిలోంచి బయటికి రాలేదు. అలిగాడనుకున్నాడు. అక్క టీ తెచ్చి ఇచ్చి ఎదురుగా కూచుంది.

"ఒరే, ఆ చేతులు చాచిన పెద్దాయన ఫోటో. నిజంగానే అంత బాలేదా?"

మొగుడి తరఫున మాట్లాడుతోందనుకున్నాడు కత్తెర. పక్కగదిలో బావ వింటూనే ఉంటాడు. ఇప్పుడు బాగుందంటే, మరి అక్కడ ఎందుకలా అన్నావని అడుగుతారు. అడిగితే లెక్కల మాస్టారికి భయపడ్డానని చెప్పాలి. అంత చిన్నబోవడం అతనివల్ల కాలేదు.

"ఫోటో తీయడం రానివాళ్ళు తీసినట్టుంది అక్కా," అన్నాడు.

"అలాగా," అంది అక్క. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఒక్క నిమిషం ఈ రోజుకీ అతనికి నిద్రలో వస్తుంది. క్లబ్బు గదిలో చేసినదానికి నలుగురి కళ్ళని సాకు చెప్పుకోవచ్చు. ఇక్కడ ఎదురుగా ఉన్నది అక్క ఒక్కతే.

ఆ తర్వాత బావ క్లబ్బుకి రావడం తగ్గించాడు, చివరికి మానేశాడు. "ఇక చాలురా, కుర్రాళ్ళని తియ్యనీ," అనేవాడు. కత్తెరకి లోపల గుచ్చుకునేది. బావ మనసు విరిచానని కుమిలిపోయేవాడు. ఆదివారాలు పనిగట్టుకుని వెళ్ళి కూచునేవాడు, పాత ఎగతాళి మొదలుపెట్టబోయేవాడు, బావ ఊరికే నవ్వి ఊరుకునేవాడు. ఎన్నోసార్లు ఆ ఫోటో సంగతి ఎత్తబోయి మాట మార్చేశాడు. తప్పు చేశానని తెలుసు. ఎవరికి చేశాడో అదే తెలియదు. అక్క మామూలుగానే ఉండేది. మిషన్ బల్ల మీద దారపు ఉండలు మాత్రమే ఉండేవి.

ఏళ్ళు గడిచాయి. బావ చేతులు జేబుల్లో దాగే స్థితి దాటిపోయింది. గ్లాసు పట్టుకుంటే సగం ఒలికేది. ముసలితనంలే అనేవాడు. అక్కకి యూనిఫారాల పని ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒకసారి కత్తెరే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ బావ చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ఎప్పటినుంచి ఇలా ఉంది అని అడిగింది. బావమరిది ముందు దాచొచ్చు గానీ డాక్టరు ముందు దాస్తే ఎలా.

"స్టోర్సులోకి మారకముందునుంచీ అమ్మా. నట్లు బిగించలేకనే మార్చారు. అప్పటినుంచి కెమెరా కూడా పట్టుకోలేదు."

కత్తెర గోడకున్న బొమ్మ చూస్తున్నాడు. ఆ మాట చెవిన పడ్డాక ఇంకేమీ చూడలేకపోయాడు. బయటికొచ్చి బెంచీ మీద కూచున్నాక అడిగాడు.

"బావా, మరి ఆ ఏడు పోటీకి పంపావే, చేతులు చాచిన పెద్దాయన. అది?"

"అది నాదని ఎవరన్నారురా?"

"నువ్వే కదా చివర్లో తీసుకుపోయావు."

"మీ అక్క లేవలేకపోయింది. అందుకని నేను వెళ్ళాను." బావే మళ్ళీ అన్నాడు. "చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. వాడికి తెలిస్తే బాధపడతాడు, వాడు చూసినదే చెప్పాడు, వాడి తప్పేముంది అంది. నాకు నీ మీద కొన్నాళ్ళు ఒళ్ళు మండిపోయింది. తర్వాత తర్వాత నేనే సర్దుకున్నాను. వాడి కన్ను అబద్ధం చెప్పదు, నా పెళ్ళాం తీసింది కాబట్టి నాకు బాగున్నట్టు కనిపించిందేమో అనుకున్నాను."

కత్తెర లేచి బావ చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆయన్ని ఇంట్లో దించి, మందులు బల్ల మీద పెట్టి, సరాసరి అక్క షాపుకి వెళ్ళాడు. నడుస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాడు. నిజం చెప్పేస్తాను. బాగుందని చెప్తాను. అన్నిటికంటే బాగుందని చెప్తాను. ఇన్నేళ్ళూ బాలేదని నమ్ముకుని ఉంది కదా, ఒక్క మాటతో తన ఫోటో తనకి తిరిగి ఇచ్చేస్తాను. అంతటి బాధలోనూ ఆ ఒక్క ఆశ అతన్ని గబగబా నడిపించింది.

అక్క ఒక చొక్కా కాలరు విప్పి తిరగేసి కుడుతోంది. తలెత్తి, "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగింది. డాక్టరు కాదు డాక్టరమ్మ అని, మందులు రాసిందని, భయం లేదందని చెప్పాడు. తర్వాత నిలబడే ఉండి, అంతా చెప్పేశాడు. లెక్కల మాస్టారి మాట, పొద్దున్నే ఒక్కడే నిలబడి చూడటం, అట్టలు పెట్టినా కోయడానికి ఏమీ దొరక్కపోవడం, బావదనుకోవడం. చెప్పి, "అది నీదని తెలియదక్కా," అన్నాడు.

అక్క మిషన్ ఆపింది. "అంటే బాగుందా?"

"ఆ ఏడు వచ్చినవాటన్నిటికంటే బాగుంది. అంతకుముందు వచ్చినవాటికంటే కూడా."

అక్క మొహంలో ఒక వెలుగు వచ్చింది. చిన్నప్పుడు తను ఎక్కాలు తప్పుల్లేకుండా చెప్పిన రోజు అక్క మొహం అలాగే ఉండేది. కత్తెర ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. అక్క గుమ్మంకేసి చూస్తూ ఉండిపోయింది.

"బాగుందని నీకు తెలుసు," అంది నెమ్మదిగా. "తెలిసీ అన్నావు. ఇంటికొచ్చి అడిగినా అదే అన్నావు."

"తప్పయిపోయిందక్కా."

"నువ్వు బాలేదన్నప్పుడు ఏడుపొచ్చింది గానీ తట్టుకున్నానురా. మనకి రాదు, రానిదాని కోసం ఎందుకు ఏడవడం అనుకున్నాను. ఇక్కడ కూచుంటే రోజూ ఎన్ని కనిపించేవో తెలుసా? ఆ బడిపిల్లలు, వాళ్ళ అమ్మలు, ఆ గుమ్మంలో పడే ఎండ. కనిపించినా చూడకూడదని తల దించుకుని కుట్టుకున్నాను. అలవాటయ్యాక కనిపించడం కూడా మానేశాయి. ఇప్పుడొచ్చి బాగుందంటున్నావు. ఇది ఎలా తట్టుకోవాలో నాకు తెలియట్లేదు."

కత్తెరకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మళ్ళీ తియ్యక్కా. కెమెరా ఉంది కదా. తీసి నాకు చూపించు. ఎవరేమనుకున్నా సరే, క్లబ్బులో అందరి ముందూ నిలబడి జరిగింది చెప్తాను. నువ్వు ఏది తీసినా నేను..."

"బాగుందంటావు," అంది అక్క.

కత్తెర చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇకమీద నేను ఏది తీసినా నువ్వు బాగుందనే అంటావు. నిజంగానే బాగుందో, పాపమని అంటున్నావో నాకెలా తెలుస్తుందిరా? ఒక్క నీ మాటే కదా నేను నమ్మింది."

కోపంతో అడగలేదు అక్క. ఏదైనా దారి ఉంటే చెప్తాడేమో అన్నట్టు అడిగి, తమ్ముడి మొహంలోకి చూస్తూ కాసేపు ఆగింది కూడా. ఊళ్ళో సగంమంది ఫోటోలకి తీర్పు చెప్పిన కత్తెర అక్కడ నిలబడి ఎంత వెతుక్కున్నా చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. అక్క చొక్కా సరిచేసుకుని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.